తెలుగు నాటకానికి తమిళ వీధి

తంజావూరు జిల్లా మెలట్టూరులో ఏటా వైశాఖ శుద్ధ చతుర్దశి రాత్రి, నృసింహ జయంతి నాడు, వరదరాజ పెరుమాళ్ గుడి ఎదుటి వీధిలో ప్రహ్లాద చరిత్రం ఆడతారు. నాటకం తెలుగు. ఆడేవాళ్లు ఇంట్లో మాట్లాడేది తమిళం. చూడవచ్చిన జనంలో చాలామందికి తెలుగు రాదు. అయినా పొద్దుపోయాక మొదలైన ఆట తెల్లవారేదాకా సాగుతుంది. మరుసటి ఏడు అదే తిథికి, అదే వీధిలో మళ్లీ మొదలవుతుంది. భాగవత మేళం అనే ఈ నాటకాల గురించి రాసినప్పుడల్లా మన కలాలు ఒకే దారి పడతాయి: తమిళనాట తెలుగు వెలుగు, మన భాష తీపికి పొరుగువాళ్లు పట్టిన హారతి. ఈ పొగడ్త వినడానికి బాగానే ఉంటుంది గానీ అసలు ప్రశ్నకు జవాబివ్వదు. రాజులు పోయారు, మాన్యాలు పోయాయి, ఊళ్లో తెలుగు వాడుకా సన్నగిల్లింది. మరి నాటకం ఎందుకు పోలేదు? భాష మీది ప్రేమ దాన్ని నిలపలేదనీ, ఒక వీధి, ఒక తిథి, ఒక దేవుడు కలిసి నిలిపాయనీ నా వాదన. ఆ వీధిలో ఎన్నో చేతులు కలిశాయి కాబట్టే దాన్ని ఏ ఒక్క భాష ఖాతాలోనూ రాయడం కుదరదు.

మొదట ఊరు ఎలా ఏర్పడిందో చూడాలి. విజయనగర చక్రవర్తుల ప్రతినిధిగా సేవప్ప నాయకుడు 16వ శతాబ్దిలో తంజావూరు పాలన చేపట్టాడు. 1565లో రక్కసి తంగడి యుద్ధంతో విజయనగరం కూలాక కృష్ణా, తుంగభద్రల ప్రాంతం నుంచి పండితులు, సంగీతజ్ఞులు, భాగవతులు కావేరి వైపు తరలారు. వాళ్లకు తెలుగు నాయక రాజుల కొలువు ఆశ్రయమైంది. సేవప్ప కొడుకు అచ్యుతప్ప నాయకుడు 510 కుటుంబాలకు ఇళ్లూ పొలాలూ ఇచ్చి అగ్రహారం కట్టించాడని, అతని పేరుతోనే దాన్ని అచ్యుతపురమన్నారని మెలట్టూరు సంప్రదాయం చెబుతుంది. అంకెను అక్షరాలా నమ్మినా నమ్మకపోయినా, ఆ కథలో దానం ఎలాంటిదో గమనించాలి. రాజు కళాకారులను కొలువుకు పిలిపించి జీతం ఇవ్వలేదు. వాళ్లకు నేల ఇచ్చి కూర్చోబెట్టాడు. కొలువులో ఉన్న కళ కొలువుతో పోతుంది. నాయకుల కొలువు 1673లో విజయరాఘవుడితో ముగిసినప్పుడు ఆ కొలువు యక్షగానాలు గ్రంథాలయం చేరాయి. గుడి చుట్టూ వీధులుగా స్థిరపడ్డ కళకు మాత్రం రాజు మారినా చిరునామా మారలేదు.

తర్వాత వచ్చిన మరాఠా రాజులకు తెలుగు మాతృభాష కాదు, పాలిత ప్రజల్లో అత్యధికుల భాషా కాదు. అయినా శాహజీ 1684 నుంచి 1712 వరకు ఏలుతూ పల్లకి సేవా ప్రబంధం తెలుగులోనే రాశాడు. అదే రాజు పేర ఉన్న పంచభాషా విలాసంలో సంస్కృతం, తెలుగు, తమిళం, మరాఠీ, హిందీ ఒకే రంగం మీదికి వస్తాయి. ఈ సాక్ష్యం ముందు పెట్టుకుంటే తంజావూరులో తెలుగు స్థానం ఏమిటో తెలుస్తుంది. అది ఏలేవాడి భాషగా జనం మీద రుద్దిందీ కాదు, వలస వచ్చినవాళ్లు గుండెల్లో దాచుకున్న పుట్టింటి గుర్తూ కాదు. పాటకూ ఆటకూ ఆ నేల ఎంచుకున్న భాష. తిరువారూరులో పుట్టిన త్యాగరాజు ప్రహ్లాద భక్తి విజయం, నౌకా చరిత్రం తెలుగులో రాసినా, తమిళులైన స్వరకర్తలు తెలుగులో వర్ణాలు కూర్చినా కారణం అదే. ఇల్లు ఒక భాషలో నడుస్తుంది, దస్త్రం ఇంకో భాషలో, పూజ మరో భాషలో. సంగీతం తెలుగులో సాగుతుంది. మెలట్టూరు నాటకం ఈ పంపకంలోంచి పుట్టింది కాబట్టి దానికి మొదటి రోజునుంచే బహుభాషల ఊరు అవసరమైంది.

ఇవాళ అక్కడ ఆడే నాటకాలు వెంకటరామ శాస్త్రి రచనలు. ఆయన త్యాగరాజు కాలంవాడు, వయసులో పెద్ద. ప్రహ్లాద చరిత్రం, ఉషా పరిణయం, రుక్మాంగద, మార్కండేయ, హరిశ్చంద్ర, ధ్రువ చరిత్రాలు, సీతా కల్యాణం, రుక్మిణీ కల్యాణం, గొల్లభామ ఆయన పేర నిలిచాయి. వీటిని కూచిపూడికి కొమ్మగా చూడటం మనకు అలవాటు. పాత్ర ప్రవేశ దరువులు, మగవాళ్లే స్త్రీ వేషం కట్టడం, భాగవత కథలు, ఇలా పోలికలు చాలానే ఉన్నాయి. కానీ దరువుల రాగనడక కావేరి తీరపు కర్ణాటక సంగీతానిది. జతులూ అడవులనే నాట్యపు అడుగులూ తంజావూరు నాట్యగురువులైన నట్టువనార్లు నేర్పిన సదిర్‌కు, అంటే దేవదాసీల నాట్యానికి దగ్గర. అదే మెలట్టూరుకు చెందిన వీరభద్రయ్య దగ్గర రామస్వామి దీక్షితులు, అంటే ముత్తుస్వామి దీక్షితుల తండ్రి, సంగీతం నేర్చుకున్నారు. ఊరి విద్య గుడి నాటకం దగ్గర ఆగకుండా చుట్టుపక్కల సంగీతంలోకి పారింది, అటునుంచి ఇటూ పారింది. మాట తెలుగుది, కథ సంస్కృత పురాణానిది, అడుగు తమిళ ఆటగత్తెలదీ వాళ్ల గురువులదీ, అండ మరాఠా రాజులది. ఇన్ని పాయలున్న దాన్ని ఒక మూలానికి కట్టేస్తే మిగతా పాయలు ఎండిపోయినట్టు కనిపిస్తాయి, అంతే.

ఇక వీధి సంగతి. నాటకానికి పందిరి గుడికి ఎదురుగా వేస్తారు. నటుడి చూపు గుడి వైపు. మొదటి ప్రేక్షకుడు దేవుడు, మిగతా జనం ఇరువైపులా కూర్చుని ఆ దర్శనంలో పాలుపంచుకుంటారు. ముందు కోణంగి గంతులేస్తూ వచ్చి నవ్వించి పోతాడు. తర్వాత ఊళ్లో పిల్లవాడొకడు వినాయకుడి ముఖం తగిలించుకుని వచ్చి దీవించి వెళతాడు. ఆ వేషం చాలాసార్లు ఆ ఇంటివాళ్ల మొక్కు. నృసింహుడి ముఖం సామాను పెట్టెలో ఉండదు, గుడిలో పూజ అందుకుంటుంది. దాన్ని ధరించేవాడు ఉపవాసం ఉంటాడు. హిరణ్యకశిపుడికి ఎదురు నిలిచే ఘట్టంలో ఆవేశం వస్తుందని, పట్టుకోవడానికి మనుషులు సిద్ధంగా ఉంటారు. చీకట్లో మొదలైన కథ స్తంభం దగ్గరికి వచ్చేసరికి తెలవారుతుంది. పగలూ కాని రాత్రీ కాని వేళ జరిగిన కథ అలాంటి వేళలోనే ముగింపుకొస్తుంది. ఇక్కడ ఏ ఒక్కటి తీసినా నాటకం కొంత తగ్గుతుంది: గుడి లేకపోతే చూపుకు గురి లేదు, తిథి లేకపోతే ఉపవాసానికి అర్థం లేదు, ఊరివాళ్లు లేకపోతే వినాయకుడి వేషం లేదు. తెలుగు తెలియని ప్రేక్షకుడికి కథ ఎలా అందుతుందన్న సందేహానికి జవాబు కూడా ఈ అమరికలోనే ఉంది. కథ అందరికీ ముందే తెలుసు. మాట చెప్పాల్సిన పనిలో సగం రాగమూ అభినయమూ చేస్తాయి, మిగతా సగం ఆ చోటే చేస్తుంది.

చోటుకు కట్టుబడిన కళ అనే ఆలోచన 20వ శతాబ్ది రెండో సగంలో పాశ్చాత్య కళారంగంలో రూపుదిద్దుకున్నది, దాన్ని పాత గుడి ఆచారానికి అంటగట్టడం కాలం తప్పిన పని కాదా అని అడగవచ్చు. అడగదగిన ప్రశ్నే. న్యూయార్కులో రిచర్డ్ సెర్రా 1981లో ఒక ప్రభుత్వ కార్యాలయ ప్రాంగణంలో నిలిపిన వంపు ఉక్కుగోడను 1989లో తొలగించినప్పుడు, వేరే చోటికి మారిస్తే ఆ శిల్పం ఇక లేనట్టేనని ఆయన వాదించాడు. 1988లో బ్రిత్ గోఫ్ అనే వేల్స్ నాటక బృందం కార్డిఫ్‌లో మూతపడ్డ కార్ల కర్మాగారంలో గొడోద్దిన్ అనే ప్రాచీన వెల్ష్ కావ్యాన్ని ప్రదర్శించింది. పారిశ్రామిక సంగీతం వాయించే ఇంగ్లిష్ బృందం టెస్ట్ డిపార్ట్‌మెంట్ అందులో చేయి కలిపింది. ఉపాధి పోయిన చోట ఓడిపోయిన వీరుల కథ చెప్పడంలో ఆ చోటే సగం అర్థం. ఈ ఉదాహరణలకూ మెలట్టూరుకూ తేడా లేకపోలేదు. అక్కడ కళాకారుడు చోటును వెతుక్కుంటాడు, ఒకసారి వాడుకుని ముందుకు పోతాడు. ఇక్కడ చోటు కళాకారుణ్ణి వెతుక్కుంటుంది, ఏటా పిలుస్తుంది. కాశీ అవతలి గట్టున రామ్‌నగర్ రామలీల కూడా ఈ కోవలోదే. నెలరోజులపాటు ఊరి పేటలే అయోధ్య, జనకపురం, లంక అవుతాయి, జనం కథ వెంట నడుస్తారు. కొత్త పేరు పెట్టడంవల్ల పాత ఆచారం ఆధునికం అయిపోదు. కానీ భక్తి అనే ఒక్క మాట కింద మనం చూడకుండా వదిలేసిన పనితనం ఆ పేరువల్ల కంటికి ఆనుతుంది.

ఇంతకన్నా బరువైన ఆక్షేపణ చరిత్రలోంచే వస్తుంది. చోటే నిలిపితే నాటకం మధ్యలో ఎందుకు తడబడింది? 1855లో తంజావూరు సంస్థానం ఇంగ్లిషువాళ్ల వశమయ్యాక పోషణ పోయింది. ఇంగ్లిషు చదువులతో అగ్రహారాల యువకులు మద్రాసు ఉద్యోగాలకు కదిలారు. మెలట్టూరులోనూ ఆట ఆగి సాగిన కాలాలున్నాయి. భరతం నటేశ అయ్యర్ దాన్ని మళ్లీ పట్టాలెక్కించాడు. ఆయన తర్వాత మళ్లీ సడలింది, ఊరివాళ్లే మళ్లీ కూడదీసుకున్నారు. శాలియమంగళం, ఊత్తుకాడు, శూలమంగళం, నల్లూరు, తేపెరుమానల్లూరుల్లోనూ ఒకప్పుడు భాగవత మేళం ఉండేది. వాటిలో కొన్ని చోట్ల ఇప్పటికీ నృసింహ జయంతి ఆట ఉంది, కొన్ని చోట్ల లేదు. గుళ్లూ వీధులూ అన్ని ఊళ్లలోనూ ఉన్నాయి కదా! నిజమే, రాళ్లూ మట్టీ తమంతట తాము ఏమీ నిలపవు. నేనంటున్న చోటు అంటే ఆ రాయి మీదా మట్టి మీదా ఉన్న బాధ్యత: ఫలానా రోజున ఫలానా వేషం ఫలానా ఇంటివాడు కట్టాలన్న లెక్క. ఆ లెక్క అడిగేవాళ్లు మిగిలిన ఊళ్లో ఆగిన ఆట మళ్లీ మొదలైంది, అడిగేవాళ్లు లేనిచోట ఆగిపోయింది. మెలట్టూరు నటుల్లో చాలామంది బయట ఊళ్లలో ఉద్యోగాలు చేసుకుంటూ జయంతికి ఇంటికి వచ్చి వేషం కడతారు. భాష మీది మమకారమే వాళ్లను తెస్తుందంటే ఆ భాష వాళ్ల ఇళ్లలో వినిపించాలి. వాళ్లను తెస్తున్నది వంతు.

దీన్ని పరీక్షించడానికి కూచిపూడికంటే మంచి పోలిక దొరకదు. కృష్ణా జిల్లాలోని ఆ ఊరూ అగ్రహారమే. తానీషా దానంగా ఇచ్చాడన్న కథ దానికీ ఉంది. అక్కడా నాటకం మగవాళ్లదే, ఊరి బ్రాహ్మణ కుటుంబాల్లో పుట్టినవాడు జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలన్న కట్టడి ఉండేది. కానీ కూచిపూడి భాగవతులు మొదటినుంచీ ఊరూరా తిరిగి ఆడిన మేళం. 20వ శతాబ్దిలో వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి ఏకపాత్ర నృత్యాన్ని తీర్చిదిద్ది స్త్రీలకు నేర్పారు. వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి కొత్త నృత్యనాటకాలు కూర్చారు. ఇవాళ అమెరికాలో తెలుగు పిల్లలు వారాంతపు తరగతుల్లో నేర్చుకునేది ఆ దారిలో వచ్చిన కళనే. కదలగలగడం కూచిపూడికి ప్రాణం పోసింది, దాని ఆకారాన్నీ మార్చింది. రాత్రంతా సాగే కలాపం అరుదై, పది నిమిషాల అంశం ముఖ్యమైంది. మెలట్టూరు కదలలేదు కాబట్టి పేరు రాలేదు, రాత్రి మాత్రం మిగిలింది. ఒకటి గెలిచింది ఒకటి ఓడింది అనడానికి లేదు. ఒకే కుటుంబపు కళ తన భాష మాట్లాడే నేల మీద ఉండి కూడా రూపం మార్చుకోగా, పరాయి భాషల మధ్య ఉన్నది పాత నిడివిని ఎక్కువగా కాపాడుకుంది. కళ నిలవడానికి భాషే ఆధారమైతే ఇది తలకిందులుగా జరగాలి.

పలు చేతులు కలిశాయన్న నా మాట మీద కూడా అభ్యంతరం ఉంది, దాన్ని తేలిగ్గా దాటేయకూడదు. ఈ వేషాలు తరతరాలుగా ఒకే కులం మగవాళ్లవి. ఆ అడుగులనూ అభినయాన్నీ ఆస్తిగా పోగుచేసిన దేవదాసీలకూ వాళ్ల కుటుంబాల నట్టువనార్లకూ ఈ పందిరి కింద చోటు లేదు. ఇందులో ఒక వింత మలుపూ ఉంది. న్యాయవాది, స్వాతంత్ర్యోద్యమకారుడు ఇ. కృష్ణ అయ్యర్ మెలట్టూరు నటేశ అయ్యర్ దగ్గర ఆట నేర్చుకుని, స్త్రీ వేషంలో సదిర్ ఆడి, 1930లలో ఆ కళను నిషేధించాలన్నవాళ్లతో పత్రికల్లో వాదానికి దిగాడు. భాగవత మేళాన్ని బయటి ప్రపంచానికి పరిచయం చేసిందీ ఆయనే. ఆయన ప్రయత్నంతో ఆట బతికింది, గౌరవం పొందింది. కానీ ఆ గౌరవంలో ఎక్కువ వాటా దేవదాసీ కుటుంబాలకు చేరలేదు. కాబట్టి మెలట్టూరులో జరిగింది సమానుల సహకారం అని నేననను. అప్పు తీసుకున్నవాడు పేరు రాయని సహకారం అది. అయితే ఈ అన్యాయం కూడా ఒక్క భాష గొప్పతనం అనే కథను బలపరచదు, పడగొడుతుంది. తెలుగు వైభవం అన్న రెండు మాటల్లో తమిళ ఆటగత్తెల పనితనం రెండోసారి మాయమవుతుంది. ఎవరి చేతులు ఎక్కడ ఉన్నాయో చెప్పుకోవాలంటే భాషా పతాకాన్ని కాస్త దించి వీధిని చూడాలి.

మరి నగర వేదికల సంగతి? నర్తకి రుక్మిణీ దేవి భాగవత మేళం తెలిసిన బాలు భాగవతార్ సాయంతో ఈ నాటకాల్లో కొన్నిటిని తన సంస్థ కళాక్షేత్రలో ప్రదర్శింపజేశారు. మెలట్టూరు బృందాలు కూడా చెన్నైలో, ఢిల్లీలో ఆడాయి. సంగీత నాటక అకాడమీ గుర్తింపూ వచ్చింది. చోటును వదిలి కూడా ఆడగలిగితే చోటుకు కట్టుబడిందని ఎలా అంటాం? గొడోద్దిన్ కూడా తర్వాత వేరే దేశాల్లో ఆడింది కదా అనీ అడగొచ్చు. ఆడింది, ఆడవచ్చు. వేదిక మీద దరువు వినిపిస్తుంది, ప్రహ్లాదుడి తల్లి లీలావతి శోకం కన్నీళ్లు తెప్పిస్తుంది. కానీ అక్కడ రెండు గంటలకు తెర పడుతుంది, నటుడు దేవుడి వైపు కాక టికెట్ కొన్నవాళ్ల వైపు తిరుగుతాడు, నృసింహుడి ముఖం రంగస్థల సామగ్రి అవుతుంది. కళాక్షేత్రలో స్త్రీ పాత్రలు స్త్రీలు వేయడం నాటకానికి మేలే చేసి ఉండవచ్చు. అది ఆ కావ్యానికి ఇంకో జన్మ. వీధిలో ఆడేదానికి అది బదులు కాదు. వెంకటరామ శాస్త్రి రాసిన ప్రతి ఎక్కడికైనా ప్రయాణిస్తుంది, దాని చుట్టూ ఊరు చేసే పని మాత్రం ప్రయాణించదు. ఈ రెంటినీ ఒకటిగా లెక్కపెట్టడంవల్లే పర్యటనలకు డబ్బిచ్చి కళను కాపాడామనుకునే పొరపాటు జరుగుతుంది. ఊళ్లో ఇప్పుడు రెండు సంఘాలున్నాయి, వాటి మధ్య పోటీ ఉంది. బయటివాళ్లకు అది చికాకుగా కనిపించవచ్చు. నాకది మంచి సాక్ష్యం. చచ్చిన ఆచారం మీద హక్కుకోసం ఎవరూ పోట్లాడరు.

ఇదంతా ఒప్పుకుంటే తెలుగు పాఠకుడి వంతు కొంచెం మారుతుంది. మెలట్టూరును తప్పిపోయిన బిడ్డలా ఇంటికి తెచ్చుకోవాలన్న తొందర అవసరం లేదు, అది తప్పిపోలేదు. తమిళులు మన భాషను కాపాడారని కృతజ్ఞతలు చెప్పి ఊరుకోవడమూ చాలదు. వాళ్లు కాపాడింది వాళ్ల ఊరి మొక్కును, అందులో తెలుగు ఒక భాగం. మనం చేయగల పని వేరు: తంజావూరు సరస్వతీ మహలు గ్రంథాలయంలో ఉన్న యక్షగాన ప్రతులను శుద్ధంగా ప్రచురించడం, ఈ నాటకాల తెలుగు పాఠాన్ని అర్థంతో, స్వరంతో నటులకు అందుబాటులో ఉంచడం, ఆ అడుగుల వెనక ఉన్న నట్టువనార్ల పేర్లను సాహిత్య చరిత్రలో రాయడం. మన నేల మీద కూడా చోటుకు కట్టుబడి, పలు చేతులు కలిసి చేసే ఆటలు లేకపోలేదు. తెలంగాణ పల్లెల్లో పీర్ల పండుగకు హిందువులూ ముస్లింలూ కలిసి అలావా అనే నిప్పుగుండం చుట్టూ ఆడే ఆటను నగర వేదిక మీద పది నిమిషాల అంశంగా చూపి సంస్కృతిని కాపాడామని చెప్పుకోవడం తేలిక. ఆ పీర్లు కొలువుండే చావిడి నిలబడి ఉందా, అలావా గుంట తవ్వే చోటు ఊళ్లో ఖాళీగా ఉందా, డప్పు కొట్టేవాడికి దక్కాల్సింది దక్కుతోందా అని అడగడం కష్టం. మెలట్టూరు నాలుగు వందల ఏళ్ల చరిత్ర చెప్పేది ఆ కష్టమైన ప్రశ్నల వైపే నిలబడమని.